పదిహేడో నంబరు మంచం

జిల్లా ఆసుపత్రి మగవాళ్ల వార్డులో రోగుల బంధువులు ఇనప మంచాలుగా మారడం మొదలై అప్పటికి మూడు నెలలైంది. కొత్తలో కాస్త గొడవ జరిగిన మాట నిజమే. తర్వాత అందరికీ అలవాటైపోయింది.

దీని వెనక రహస్యమేమీ లేదు. ఆసుపత్రికి అరవై మంచాలు కొన్నారు. టెండరు పిలిచిన పెద్దాయన బావమరిదికే టెండరు దక్కింది. ఎవరి అదృష్టం వాళ్లది. సరుకు అందిందని ముగ్గురు అధికారులు సంతకాలు పెట్టారు. తిలా పాపం తలా పిడికెడు. మంచాలు మాత్రం రాలేదు. రిజిస్టరులో మంచాలుండగా రోగిని నేల మీద పడుకోబెడితే సిస్టర్ల ఉద్యోగాలు పోతాయి. అందుకని రోగికి నలుగురు బంధువులు రావాలని, నాలుగు మూలలా దుప్పటి పట్టుకుని నిలబడాలని నోటీసు అంటించారు. వారం దాటితే వేళ్లు చల్లబడతాయి. పది రోజులకు మోకాళ్లు వంగవు.

కాలు విరిగిన సన్యాసప్పడిని పదిహేడో నంబరులో చేర్చారు. తలవైపు అతని భార్య పైడితల్లి, ఆమె తమ్ముడు. కాళ్లవైపు ఇద్దరు మరుదులు. పన్నెండో రోజుకి మగవాళ్లు ముగ్గురూ ఇనుమైపోయారు. పైడితల్లికి ఇంకా మెడ తిరుగుతోంది, నోరు ఆడుతోంది. చంటిపిల్లను పక్కింటావిడకి అప్పగించి వచ్చింది. ప్రాణమంతా ఆ పిల్ల మీదే కొట్టుకుంటోంది.

రేపు డిశ్చార్జి అనగా స్టోర్‌కీపరు ధర్మలింగం తెల్లరంగు డబ్బాతో వచ్చాడు. మంచాలు కొనలేదని ఎవరో పిటిషన్ పెట్టారట. విజిలెన్స్ వాళ్లు వస్తున్నారు. ప్రతి కాలికీ రంగు వేసి నంబరు రాయాలి.

"నాకు రాయొద్దు బాబూ. రేపు ఇంటికెల్లిపోవాల. పాలు తాగే పిల్ల ఉన్నాది."

"నువ్వు కదిలితే మీ ఆయన కింద పడతాడమ్మా. వాళ్లు చూసి వెళ్లేదాకా ఓపిక పట్టు."

ధర్మలింగం చెడ్డవాడేం కాదు. కుంచె నొప్పి పుట్టకుండా మెల్లగా ఆడించాడు. రంగు ఆరేలోగా ఆమె మెడ ఆగిపోయింది.

విజిలెన్స్ వాళ్లు మధ్యాహ్నం వచ్చి ఒక్కొక్క మంచాన్నీ తట్టి చూశారు. ఖంగుమంది. అరవైకి అరవై ఉన్నాయి. పిటిషన్ అబద్ధమని తేల్చి, పెట్టినవాడి మీద కేసుకు సిఫార్సు చేశారు. పదిహేడో మంచం ఒక కాలి దగ్గర నేల మీద తెల్లటి తడి కనిపిస్తే, రంగు కారినట్టుంది, తుడిపించమన్నారు.

మర్నాడు సన్యాసప్పడు చేతికర్రతో లేచి, "నా పెళ్లాన్ని పంపండి సిస్టర్" అన్నాడు.

సిస్టర్ రిజిస్టరు చూసింది. "ఆసుపత్రి సామాను బయటికి పంపకూడదయ్యా. ముందు ఈ ఫారం నింపు. మంచం ఎలా ఉంది?"

అతను ఏడ్చాడు. ఏడ్చి, ఆలోచించాడు. పదమూడు రోజుల్లో అది ఒక్కసారి కూడా కుంగలేదు. బాగుందని చెప్పి వేలిముద్ర వేశాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఆ వేలిముద్ర చూసే పిల్లల వార్డు ఉయ్యాలల కాంట్రాక్టు కూడా బావమరిదికే ఇచ్చారు. ఉయ్యాలకు ఇద్దరు చాలు.

వారం తిరక్కుండానే, తల్లిపాలు లేక నీరసించిన పిల్లను ఎత్తుకుని సన్యాసప్పడు మళ్లీ వచ్చాడు. వెంట తన తల్లిని తెచ్చుకున్నాడు. పైడితల్లి పాత చీరలో పిల్లను పడుకోబెట్టి, చేతికర్ర గోడకి ఆనించి, ఎవరూ చెప్పకుండానే ఇద్దరూ చెరో కొస పట్టుకుని నిలబడ్డారు.