చదవకుండా దిద్దే మహిమ

పిల్లలకు కంప్యూటర్ మీద పరీక్షలు పెట్టడం ఈ కలియుగంలో జరిగిన మహా పుణ్యకార్యం! కాదనేవాళ్లు ఉంటే, వాళ్లు ఖతర్‌లో పిల్లల్ని చదివించడం లేదన్నమాట.

నేను ఇంటర్ దాకా చదివాను. ఇక్కడ ఖతర్‌లో అల్ సద్ అనే పేటలో ఒక క్లినిక్ స్టోర్ చూసుకుంటాను. పొద్దున పూజ కానిదే డ్యూటీకి వెళ్లను. నా చదువంతా కాగితం మీదే సాగింది. ఎంత అన్యాయం! మా లెక్కల సారు పేపర్ల కట్ట ఇంటికి మోసుకెళ్లి, ఎవడి లెక్క ఎక్కడ తప్పిందో వెతికి, జవాబు తప్పినా దారి సరైనదని రెండు మార్కులు వేసేవాడు. పాపం, ఎన్ని ఆదివారాలు పాడుచేసుకున్నాడో!

ఇప్పుడు ఆ పీడ లేదు. టీచరు పేపరు ముట్టుకోనక్కర్లేదు. పిల్ల పేరు తెలియనక్కర్లేదు. గుళ్లో అర్చనకు పూజారి గోత్రమైనా అడుగుతాడు. కంప్యూటర్‌కు ఆ పట్టింపు కూడా లేదు. ఇంతటి సమదృష్టి ఋషులకైనా ఉండేదా?

ఇక పిల్లల సంతోషం చెప్పనలవి కాదు. మేముండే అల్ అజీజియాలో మా పక్క వాటా రఫీయుద్దీన్ భాయ్ కొడుకు ఉమైర్, మా అమ్మాయి అక్షర ఒకే బడిలో ఆరో తరగతి సీటుకు పరీక్ష రాశారు. క్షమించాలి, నొక్కారు.

"ఫికర్ నక్కో అంకుల్! ఇంగ్లిష్ మొత్తం పన్నెండు నిమిషాల్ల ఖతం. ప్రశ్న చదివితే టైం వేస్ట్. ఏ జవాబు పొడుగుంటే అదే నొక్కిన" అన్నాడు ఉమైర్.

వాడికి సీటొచ్చింది. చదవకుండా రాసేవాడికి, చదవకుండా దిద్దేదానికి ఎంత చక్కగా కుదిరిందో చూడండి!

మా అక్షరదే చాదస్తం. అన్నీ చదివింది. లెక్కల్లో జవాబును గడిలో టైప్ చేయాలి. ముప్పై లెక్కలూ చేసింది. వచ్చింది సున్నా!

పాత బడి ఐదో తరగతితో సరి. ఈ సీటు రాకపోతే నా భార్య పుష్ప పిల్లను తీసుకుని మా ఊరు కోరుట్లకు పోవాలి. నేను ఎక్కడో బెడ్ స్పేస్, అంటే పదిమంది గదిలో ఒక మంచం, వెతుక్కోవాలి. అందుకే బడికి పరుగెత్తాను.

ఆఫీసులో విజయరాణి మేడమ్‌ది గోదావరి జిల్లా. స్క్రీన్ నావైపు తిప్పింది. మొదటి గడిలో ఇంగ్లిష్ అక్షరాల్లో శ్రీ, పక్కన 48. రెండో గడిలో శ్రీ, పక్కన 125. చివరి గడి దాకా అంతే.

"ప్రతి దాంట్లో ఇలా కొట్టిందేంటండీ పాప?"

కొత్త పేజీ పట్టుకుంటే ముందు పైన శ్రీ పెట్టాలని నేర్పింది నేనే. కాగితం మీదైతే పేజీకి పది లెక్కలు. కంప్యూటర్‌లో లెక్కకో పేజీ! పిల్ల ముప్పైసార్లు భక్తిగా తప్పు చేసింది. గడిలో అంకెలే ఉండాలని ఆ యంత్రం ఒక్కసారైనా చెప్పలేదు.

"జవాబులైతే కరెక్టే గద మేడమ్?"

"ఇరవై ఎనిమిది కరెక్టేనండీ. నేనే చూశాను."

"మరి గా ఇరవై ఎనిమిది ఎయ్యుండ్రి."

"నేనెలా వేస్తానండీ? సిస్టమ్ తప్పంటోంది కదా!"

"మీరు కరెక్టంటుండ్రు గద?"

"నేనంటే ఏం లాభమండీ? ఆన్‌లైన్‌లో అప్పీల్ పెట్టుకోండి."

పెట్టాను. బటన్ మీంచి వేలు తీయకముందే జవాబొచ్చింది: మీ విన్నపాన్ని క్షుణ్ణంగా పరిశీలించాం, మార్పు లేదు. ఎంత వేగం! నా మొరలను దేవుడు కూడా ఇంత తొందరగా కాదనలేదు.

ఇంటికొచ్చాక అక్షర అడిగింది. "దేవుని పేరు రాస్తె తప్పా డాడీ?"

"తప్పు గాదు బిడ్డా."

"మరి తప్పెవరిది?"

దేవుడిదా, నాదా, పిల్లదా? యంత్రానిది కాదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

వచ్చే గురువారం తల్లీకూతుళ్ల ప్రయాణం. కోరుట్లలో సీటిచ్చిన బడి గురించి ఒక భయంకరమైన సంగతి తెలిసింది. అక్కడ పరీక్షలు ఇంకా చేత్తోనే రాయిస్తారట. టీచరమ్మ కూర్చుని ప్రతి పిల్ల రాసిందీ చివరిదాకా చదువుతుందట. అర్థం కాకపోతే ఆ పిల్లనే పిలిచి, "ఇది ఎందుకు రాసినవ్?" అని అడుగుతుందట!

అంత వెనకబడిన చోటికి కన్నబిడ్డను పంపుతున్నాను. నాగరికులు నన్ను క్షమించాలి.