అక్కలవాడకు మగదిక్కు

ఒక పెద్ద అడవిలో, వాగు మలుపు తిరిగే చోట, ముళ్ళకంచె లోపల కొందరు ఆడవాళ్ళు కలిసి ఉండేవారు. మొగుడు పోయిన కుందేలు, పెళ్ళి వద్దనుకున్న లేడి, పిల్లలు ఎగిరిపోయిన బాతు, ఇలా తలో జాతి. ఎవరి గూడు వారిది, వంట అందరిదీ. పొద్దున్నే ఒకచోట చేరి దేవుణ్ణి తలుచుకునేవారు. తరవాత పొదలకు చిక్కిన ఉన్ని ఏరుకొచ్చి, వడికి, కంబళ్ళు నేసేవారు. సన్యాసం పుచ్చుకోలేదు, ఒట్లు పెట్టుకోలేదు. మనసు మారితే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవచ్చు, కంచెకు గడియ లేదు. అడవంతా దాన్ని అక్కలవాడ అనేది.

వాళ్ళకో ఆనవాయితీ ఉంది. అడవిలో ఎవరికి చివరి ఘడియ వచ్చినా అక్కల్లో ఒకరు వెళ్ళి పక్కన కూర్చునేవారు. తోడేలు తల్లి పోయే రోజున కొడుక్కి అడవి సభ పనులు అడ్డొచ్చాయి. ఆ ముసలిదాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది పెద్దక్క తాయారమ్మ. ఆవిడ కొండమేక.

ఇలాంటివాళ్ళ మీద కూడా కడుపుమంట ఉంటుందా అంటే, ఉంటుంది. ముందు సాలెపురుగుల సంఘానికి వచ్చింది. వాళ్ళ బట్ట గాలేస్తే చిరుగుతుంది, అక్కల కంబళి మనవల దాకా వస్తుంది. ఆ తరవాత కొండ మీది మఠంలో ఎలుగుబంటి స్వామికి వచ్చింది. చలికాలమంతా నిద్రపోయి దానికి తపస్సని పేరు పెట్టిన మహానుభావుడాయన. తన అనుమతి లేకుండా ఆడవాళ్ళు చేసే ప్రార్థన దేవుడి దాకా ఎలా వెళుతుందని ఆయన బాధ.

ఇద్దరూ కలిసి అడవి సభలో ఫిర్యాదు చేశారు. సభాధ్యక్షుడు తోడేలు తాయారమ్మను పిలిపించాడు.

"మీరు ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదు బాబూ. మా పని మేం చేసుకుంటున్నాం."

"నేరం అదే," అన్నాడు తోడేలు.

మంచు పడేలోగా అక్కలవాడకు ఒక మగదిక్కు ఉండాలని సభ తీర్మానించింది. లేదంటే కంచె పీకేసి, అందరినీ మఠానికి తోలి, స్వామివారి గుహ ఊడ్పిస్తారు. దిక్కుగా ఉండడానికి తోడేలు బావమరిది నక్క అప్పటికే తల దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కంచె వాడి చేతికొస్తే మొదట బాతు, తరవాత కుందేలు మాయమవుతాయని తాయారమ్మకు తెలియనిది కాదు. ఆవిడ చేతులు జోడించి అడిగింది.

"మగవాడైతే చాలా అయ్యా? ఇంకేమైనా అర్హతలు ఉండాలా?"

మగవాడైతే చాలన్నాడు తోడేలు. అంతకుమించి అడిగితే సభలోనే ఎవరూ మిగలరని ఆయనకు తెలుసు.

"అయితే మా కూర్మయ్య ఉన్నాడు."

కూర్మయ్య ముసలి తాబేలు. దగ్గుతో మంచం పడితే అక్కలే తెచ్చి చూసుకుంటున్నారు. మగవాడు కాదనడానికి వీల్లేక సభ ఒప్పుకుంది. నక్క దువ్వుకున్న జుట్టు చెరుపుకుని వెళ్ళిపోయాడు.

ఈ హోదా చూసుకుని కూర్మయ్య కడుపుబ్బ నవ్వాడు. వాకిట్లో ఎండకు కూర్చోవడమే ఆయన పెత్తనం. కానీ మంచు కరగకముందే ఆయనకూ ఆ ఘడియ వచ్చింది. తాయారమ్మ పక్కనే కూర్చుంది.

"నన్ను పూడ్చిపెట్టండమ్మా. డిప్ప మాత్రం వాకిట్లో ఉంచండి," అన్నాడు. "బతికుండగా మాత్రం నేను చేసిందేముంది, అక్కడ కూర్చోవడమేగా."

తాయారమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన మంచి తోడు, ఎదురు మాట్లాడడం ఎరగని ప్రాణి. ఆయన్ని వాగు ఒడ్డున పూడ్చిపెట్టి, డిప్ప కడిగి, కంబళి కప్పి, ఎప్పటి చోటే పెట్టింది.

చివుళ్ళు వేసే వేళకు తోడేలు వచ్చాడు. పెత్తనం నక్కకు అప్పగించమని కూర్మయ్యను ఒప్పించాలని ఆయన ఎత్తు. కూర్మయ్యగారు జపంలో ఉన్నారని తాయారమ్మ చెప్పింది. తోడేలు డిప్ప ఎదురుగా కూర్చుని పొగిడాడు, బెదిరించాడు, కంబళ్ళలో వాటా ఇస్తానన్నాడు. డిప్ప చలించలేదు.

"ఏం గుండె నిబ్బరం," అని చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు తోడేలు. ఇలాంటివాణ్ణి బయట ఉంచడం ప్రమాదమని సభలో సభ్యుణ్ణి చేశాడు.

సభకు తాయారమ్మే కూర్మయ్యను మోసుకెళ్ళేది. ఆయన ఎవరి మాటకూ అడ్డు రాడు, మధ్యలో లేచిపోడు. సాలెపురుగులు ఆయన చెవిలో తోడేలు మీద చాడీలు చెప్పారు, ఎలుగు స్వామి సాలెపురుగుల మీద చెప్పాడు. కాదనలేదు కనక ఆయన తమవాడేనని ఎవరికి వారు నమ్మారు. ఎన్నికలు రాగానే అందరూ ఆయనకే ఓటేశారు. తోడేలు ఇంటికి వెళ్ళాడు.

కొత్త అధ్యక్షులవారు చాలా మెల్లగా మాట్లాడతారని, ఆ మాట తనకు మాత్రమే వినిపిస్తుందని తాయారమ్మ సభకు మనవి చేసుకుంది. ఆయన మొదటి ఉత్తర్వు: ఇకమీదట ఎవరి గుహ వాళ్ళే ఊడ్చుకోవాలి.

ఆ సాయంత్రం తాయారమ్మ డిప్ప తుడుస్తుంటే లేడి భయంగా అడిగింది.

"అక్కా, ఎవరైనా వంగి లోపలికి చూస్తే?"

"కుర్చీలో ఉన్నవాడి లోపల ఏముందో ఇన్నాళ్ళలో ఎవరు చూశారే?" అంది తాయారమ్మ, కంబళి సర్దుతూ.

ఇందులో నీతి: ఆడవాళ్ళకు మగదిక్కు తప్పనిసరి, కాకపోతే డిప్పలో ఎవరో ఒకరు ఉండి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు.