దుమ్ము పడని వర్క్‌షాప్

పాఠకులారా! చెక్కపని గదిలో చెక్కపని చేయడమంత అనాగరికం ఇంకొకటి లేదు.

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. రంపం ఆడిస్తే ఏమవుతుంది? పొట్టు రాలుతుంది. గరుకు కాగితం రుద్దితే? గదంతా పిండిమర అవుతుంది! ఇంత తెలిసీ బుద్ధున్నవాడెవడైనా చెక్క జోలికి పోతాడా?

మా బావ పోలేదు. అదీ ఆయన గొప్పతనం.

మా బావ పళ్ళ డాక్టరు. పొద్దస్తమానం జనం నోళ్ళలో డ్రిల్లు పెట్టేవాడు ఇంటికొచ్చి చెక్కపని చేసుకుంటే మనసు తేలికపడుతుందని ఎక్కడో చదివాడట. వెంటనే కారు షెడ్డుని వర్క్‌షాప్ చేసేశాడు. కారు వీధిన పడింది. మొన్నెవరో దాని వెనక అద్దం మీది దుమ్ములో ‘అయ్యా, నన్ను కూడా లోపలికి తీసుకెళ్ళండి’ అని వేలితో రాసిపోయారు.

అసలు సంగతి అత్తయ్యగారి మోకాలితో మొదలైంది. అత్తయ్యగారంటే బావవాళ్ళమ్మ, బళ్ళో చేతిపనులు నేర్పి రిటైరైన టీచరమ్మ. ఆవిడకి మోకాలు మార్చారు. ఆవిడ మంచమేమో, కింద సొరుగులు పెట్టించడం వల్ల నడుమెత్తున ఉంటుంది. “ఎక్కడానికి జానెడెత్తు పీట ఒకటి వేసుకోండి. జారిపడ్డారంటే మొదటికే మోసం,” అని ఎముకల డాక్టరు మరీ మరీ చెప్పాడు. మా అక్క పీట కొనడానికి బజారుకి బయల్దేరుతుంటే బావ అడ్డం పడ్డాడు.

“ఇంట్లో వర్క్‌షాప్ పెట్టుకుని పీట కొనడమేంటే, నలుగురూ నవ్వుతారు! ఆదివారానికల్లా నేనే చేసిస్తాగా!”

ఏ ఆదివారమో ఆయన చెప్పలేదు. అడగడం మర్యాద కాదు కదా!

చెప్పొద్దూ, ఆ ఆదివారం నిజంగానే ఒక చెక్క పలక మీద రంపం పెట్టి రెండుసార్లు ఆడించాడు. పొట్టు ముక్కులోకి పోయింది. వరసగా ఏడు తుమ్ములు. ఎనిమిదో తుమ్ముకి జ్ఞానోదయమైంది. “ముందు ఈ దుమ్ము సంగతి తేల్చాలి,” అన్నాడు.

అది జరిగి ఎనిమిది నెలలైంది. ఇప్పుడొచ్చి చూడండి ఆ గది! చెప్పులు బయటే విప్పి, కాళ్ళకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని వెళ్ళాలి. గుమ్మంలో మూడు పట్టాలు. మొదటిది కాళ్ళు తుడవడానికి, రెండోది మిగిలిన దుమ్ముని జిగురుతో పట్టుకోవడానికి. మూడోది దేనికంటే, రెండోదాని జిగురు లోపలికి రాకుండా! సీలింగుకి గాలి వడకట్టే ఫిల్టరు, ఆ ఫిల్టరు మీద దుమ్ము పడకుండా ఒక గుడ్డ. మూల నిలువెత్తు దుమ్ము లాగే మిషను. ఉలులకి జిప్పు సంచులు, సుత్తికి పాత కర్టెన్‌తో అక్క చేత కుట్టించిన టోపీ. రంపానికైతే ఆదివారం ఆదివారం బ్రష్షుతో పళ్ళు తోముతాడు. వృత్తి ధర్మం ఎక్కడికి పోతుంది?

కిటికీ పక్కన ప్లాస్టిక్ కవరు కప్పుకుని ఒక మూడుకాళ్ళ కుర్చీ కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇంత చేసినా పీట రాలేదని దెప్పేవాళ్ళున్నారు, మా అక్కలాంటివాళ్ళు. ఉపకారం చేస్తే గుర్తించని లోకమిది! ఆ మిషను దేంట్లో వచ్చింది? చెక్కపెట్టెలో! ఆ పెట్టె బోర్లించుకునే కదా అత్తయ్యగారు ఇన్నాళ్ళూ మంచమెక్కింది? కాస్త ఊగేమాట నిజమే. ఎక్కినప్పుడల్లా అక్క చెయ్యందించాలి. రోజుకి నాలుగుసార్లు అత్తాకోడళ్ళు చేతులు పట్టుకునే ఇళ్ళు మీరెన్ని చూశారండీ?

పోయిన మంగళవారం ఆ పెట్టె ఫెళ్ళున విరిగింది. అత్తయ్యగారి కాలు లోపలికి దిగబడిపోయింది. అక్క ఒడిసిపట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కొత్త మోకాలికి ఆ రోజుతో నూకలు చెల్లేవే. కబురు తెలిసి వెక్కిరింతలన్నీ మర్చిపోయి పరిగెత్తాను.

బావ అప్పటికే అమ్మ పక్కన కూలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“దెబ్బేం తగల్లేదు కదమ్మా?”

“లేదురా,” అందావిడ, కాస్త ఊపిరి తీసుకుని. “ఇంకో మిషన్ తెప్పించు నాయనా. ఈసారి కొంచెం గట్టి పెట్టెలో వచ్చేది చూడు.”

బావ తల దించుకున్నాడు. “ఈ ఆదివారం ఖాయంగా చేస్తానమ్మా. మిషను గొట్టానికి ఒక్క ఫిల్టర్ రావాలంతే.”

ఆవిడింక ఆదివారం దాకా ఆగలేదు. మర్నాడు బావ క్లినిక్‌కి వెళ్ళగానే వాకర్ పట్టుకుని వర్క్‌షాప్‌కి బయల్దేరింది. వాకర్ కాళ్ళు జిగురు పట్టాకి అతుక్కుపోయాయి. పట్టాని కూడా ఈడ్చుకుంటూనే లోపలికి నడిచింది! సుత్తికి టోపీ తీసేసింది. అక్క పలకని అదిమిపట్టుకుంటే, ఎనిమిది నెలల కిందట కొడుకు ఆపిన చోటునుంచే కోత మొదలుపెట్టింది. ముప్పావుగంటలో పీట తయారు. కాస్త వంకరే గానీ ఏనుగెక్కినా కదలదు.

సాయంత్రం బావ వచ్చేసరికి నేనక్కడే ఉన్నాను. తెల్లటి నేల మీద పొట్టు, పొట్టులో అడుగులు. ఆయన గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

“నేనేరా,” అంది అత్తయ్యగారు పీట మీద కూర్చునే. “తిట్టేదేదో తిట్టేయ్.”

బావ నెమ్మదిగా వెళ్ళి మిషను మీద కప్పిన దుప్పటి తీశాడు. గొట్టం నేలకి పెట్టి స్విచ్చేశాడు. బుర్రున నాలుగు క్షణాల్లో నేల అద్దంలా అయిపోయింది. ఎనిమిది నెలల్లో పాపం ఆ మిషను తిన్న మొదటి ముద్ద అదే!

“చూశావా అమ్మా, ఎంత బాగా లాగిందో!” ఆయన కళ్ళు మెరిశాయి. తర్వాత పీట అంచుని వేలితో తడిమి చూశాడు. “కొంచెం గరుగ్గా ఉంది. ఇలా ఇవ్వు, నున్నగా చేసిస్తా. ఆదివారానికల్లా...”

అత్తయ్యగారు చటుక్కున లేచి పీటని గుండెలకి హత్తుకుంది. “ముట్టుకున్నావంటే చూడు!”

కన్నకొడుకు మీద అంత అపనమ్మకమా అని మీరనుకోవచ్చు. నేననుకోను. ఆ మూడుకాళ్ళ కుర్చీ ఉంది చూశారూ, అది నాది. కాలు ఊడితే “వారంలో ఇచ్చేస్తాగా,” అని బావే మోసుకెళ్ళాడు. ఈరోజుకీ దాని మీద చిటికెడు దుమ్ము లేదు. నేను మాత్రం ఈ వ్యాసం వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని, నిలబడి రాస్తున్నాను. నడుం పట్టేసింది.

అందుకే నిన్న ఫోన్ చేశాను. బావకి కాదు, అత్తయ్యగారికి.

“దానికేం భాగ్యం బాబూ,” అందావిడ. “రేపు మీ బావ క్లినిక్‌కి వెళ్ళాక, నాలుగు మేకులు పట్టుకుని వచ్చెయ్. గుమ్మంలో చెప్పులు మాత్రం విప్పకు.”