మంత్రిగారి నడుము, మాస్టారి టేపు

"నూరు రోజుల్లో దేశంలోని ప్రతి చిన్న దుకాణమూ ఆన్‌లైన్‌లోకి రావాలి. రాకపోతే నా పేరు మార్చుకుంటాను!" అని చిన్నవ్యాపారాల మంత్రిగారు శపథం చేశారు. ఆయన ఇంతకుముందు ఇలాంటి శపథాలు నాలుగు చేసి ఉన్నారు. పేరు మాత్రం ఇప్పటికీ అదే. మాట మీద కాకపోయినా పేరు మీదైనా నిలబడే నాయకుడు దొరకడం ఈ రోజుల్లో మన అదృష్టం.

శపథం వినగానే అధికారులు నమూనా దుకాణం కోసం వెతుకులాట మొదలుపెట్టారు. నమూనా దుకాణానికి రెండు అర్హతలుండాలి. మంత్రిగారు ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లే దారిలో ఉండాలి. లోపల జనం ఉండకూడదు, ఉంటే కెమెరాకి అడ్డం. ఈ రెండూ పుష్కలంగా ఉన్న చోటు అంగుళం మాస్టారి టైలరింగు షాపు.

అంగుళం అన్నది వీధి పెట్టిన పేరు. పావంగుళం తేడా వచ్చినా కుట్టంతా విప్పి మళ్లీ కుట్టే మనిషాయన. కొలత తీసే పద్ధతి కూడా వేరు. టేపు చుట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, అంకెని గొంతెత్తి అరుస్తారు. మూల కుర్చీలో కూర్చున్న భార్య ఆ అంకెని తిరిగి అరిచి కొలతల పుస్తకంలో రాసుకుంటుంది. ఎవరైనా పొట్ట లోపలికి లాక్కుంటే, "ఊపిరి వదలండి. ప్యాంటు వేసుకుని బతకాలా వద్దా?" అంటారు. తన నడుము ఎంతో వీధి చివరి దాకా వినిపించే షాపుకి మనిషన్నవాడు ఎన్నిసార్లు వస్తాడు చెప్పండి? రెడీమేడ్ షాపులో అద్దం ఉంటుంది గానీ దానికి నోరుండదు. కాబట్టి జనం అటు వెళ్లారు. మాస్టారు ఈగలు తోలుకుంటున్నారు.

బావమరిది గడువు కూడా పెట్టేశాడు. అతనికి సంచుల కార్ఖానా ఉంది.

"ఒకటో తారీకు దాకా చూస్తాను బావగారూ. గిరాకీ రాలేదా, షాపుకి తాళం వేసి వచ్చెయ్యండి. మీకోసం ఒక మిషను ఖాళీగా ఉంచాను."

"నలభై ఏళ్లు కాలర్లు ఎక్కించిన చేత్తో గోనెసంచి మూతి కుట్టమంటావా?"

"సంచి అయితే కాలరు బిగుతైందని గోల చెయ్యదు కదండీ."

మాస్టారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. సరిగ్గా మూడో రోజున మంత్రిగారి శాఖ డిజిటల్ ఆఫీసరు ఇద్దరు ఫోటోగ్రాఫర్లతో మెట్లెక్కి వచ్చాడు.

"మాస్టారూ, మీకు ఆన్‌లైన్‌లో పేజీ పెడుతున్నాం. ఇక మీ కస్టమర్లు మీ ఫోన్లో ఉంటారు. మీ ప్రత్యేకత ఏమిటో చెప్పండి."

"కొలత సరిగ్గా తీస్తాను సార్."

"అది అందరూ చేసేదేగా. ఇంకేదైనా?"

"అందరూ చెయ్యరు సార్."

ఆఫీసరు ఒక్క క్షణం ఆలోచించి, 'అంతర్జాతీయ ప్రమాణాలు' అని రాసుకున్నాడు. మాస్టారి చేత నవ్వించి ఫోటో తీశారు. షాపు ముందు పేజీ పేరుతో పెద్ద బోర్డు పెట్టారు. ఆ బోర్డు వల్ల షాపు కనిపించడం మానేసింది గానీ, పేజీ మాత్రం బ్రహ్మాండంగా కనిపించేది.

శాఖలో సర్క్యులర్ వెళ్లింది. ఉద్యోగులందరూ హాజరు వేసుకునే ముందు మాస్టారి పేజీకి అయిదు స్టార్లు ఇచ్చి, రెండు మంచి ముక్కలు రాయాలి. వారం తిరిగేసరికి రివ్యూలు రెండు వేలు దాటాయి. ఒక గుమాస్తా అయితే ఉత్సాహం పట్టలేక, "ఇక్కడి భోజనం చాలా రుచిగా ఉంది" అని కూడా రాశాడు. ఏ సర్క్యులర్ ఏ షాపుదో అందరికీ గుర్తుండొద్దూ!

ఇంకొకరైతే ఆ అయిదు స్టార్లకి మురిసి ముక్కలయ్యేవారు. మాస్టారికి మాత్రం కంటి మీద కునుకు పోయింది. భార్య ఒక్కో రివ్యూ చదువుతుంటే, ఆయన కొలతల పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేసేవారు.

"ఈయనెవరో మీరు కుట్టిన కోటు అద్భుతం అంటున్నారండీ."

"కోటా? నేను కోటు కుట్టి పదకొండేళ్లయింది. ఈ పేరు పుస్తకంలో రాసిన గుర్తుందా నీకు?"

"లేదు."

"మరి ఊరికే ఎందుకు పొగుడుతాడే? కుట్టించుకోవాలని ఉండి, అడగడానికి మొహమాటపడుతున్నాడేమో."

మర్నాటి నుంచి ఆయన అన్ని రివ్యూలకీ జవాబు రాయించడం మొదలుపెట్టారు. "అయ్యా, మీ కొలతలు మా దగ్గర లేవు. మీరు మెచ్చుకున్న కోటు నేను కుట్టలేదు. ఒకసారి వచ్చి కొలతలిస్తే కుట్టి పెడతాను." ఇలా రెండు వేల జవాబులు. భోజనం మెచ్చుకున్నాయనకి మాత్రం, "మాది టైలరింగు షాపండీ, అయినా మీ పొట్ట కొలత తప్పకుండా తీస్తాం" అని రాయించారు.

దీనివల్ల గిరాకీ పెరిగిందా అంటే, నిజం చెప్పాలి, పెరగలేదు. బట్టలు చంకన పెట్టుకుని ఇద్దరు వచ్చారు గానీ, బోర్డు మీద కొత్తగా రాయించిన 'రెండు వేల మంది కస్టమర్లు' అన్న మాట చూసి, "ఇంత గిరాకీ ఉన్నాయన మన ప్యాంటు ఎప్పటికిస్తాడులే" అనుకుని వెళ్లిపోయారు. ఒకటో తారీకుకి ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి.

అప్పుడు మంత్రిగారే స్వయంగా రంగంలోకి దిగారు. ఓ ఉదయం తన ఫోటో పెట్టి, "నా చొక్కాలన్నీ ఇక్కడే కుట్టిస్తాను. ఒంటికి అతికినట్టు ఉంటాయి" అని రాశారు. మాస్టారు ఫోటోని దగ్గరికి పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. మంత్రి అయితే మాత్రం, జవాబు ఇవ్వకపోవడం మర్యాద కాదు కదా!

"మంత్రిగారికి నమస్కారం. తమరి కొలతలు మా పుస్తకంలో లేవు. ఈ చొక్కా నేను కుట్టింది కాదు. ఎడమ భుజం అరంగుళం జారింది. వీలు చూసుకుని రండి, సరిచేసి పెడతాను."

మధ్యాహ్నానికి ఆ జవాబుని దేశంలో చదవనివాడు లేడు. సాయంత్రం ఆఫీసరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"కొంప ముంచారు కదండీ మాస్టారూ!"

"భుజం జారిన మాట నిజమే కదా సార్."

"నిజమైతే పేజీలో పెట్టేస్తారా? సరే, అయిందేదో అయింది. రేపు మంత్రిగారే వచ్చి మీకు కొలతలిస్తారు. లైవ్‌లో దేశమంతా చూస్తుంది."

మర్నాడు తెల్లారకముందే పోలీసులు వీధిని శుభ్రం చేశారు. మాస్టారి జవాబులు చదివి ముచ్చటపడి కుట్టించుకోవడానికి వచ్చిన అయిదుగురు నిజం కస్టమర్లని, మంత్రిగారు కస్టమర్లని చూడటానికి వస్తున్నారన్న కారణంతో, అవతలి వీధిలోకి తరిమేశారు. భద్రతా ఏర్పాట్లంటే అలా ఉండాలి.

మంత్రిగారు వచ్చారు. చేతులు చాచి, కెమెరా వైపు తిరిగి, నిండుగా ఊపిరి పీల్చి నిలబడ్డారు. మాస్టారు టేపు చుట్టారు.

"ఊపిరి వదలండి సార్."

"వదిలానయ్యా."

"ఇంకా కాస్త ఉండిపోయింది సార్."

ప్రజాస్వామ్యంలో ఎంతసేపని బిగబట్టగలరు? మంత్రిగారు వదిలారు. మాస్టారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, నలభై ఏళ్లుగా అరుస్తున్నట్టే అరిచారు.

"నడుము నలభై ఆరు!"

"నలభై ఆరు!" అని మూల నుంచి భార్య.

ఆఫీసరు జేబులోంచి మంత్రిగారి అధికారిక జీవిత చరిత్ర తీసి, మాస్టారి చెవి దగ్గర గుసగుసగా చదివాడు. "విద్యార్థి నాయకుడిగా ఉన్ననాటి నుంచి నేటి వరకు చెక్కుచెదరని ముప్పై ఆరు అంగుళాల నడుము... ముప్పై ఆరనండి మాస్టారూ."

"ముప్పై ఆరంటే ఇక్కడికే వస్తుంది సార్" అని మాస్టారు టేపుని ముప్పై ఆరు దగ్గర పట్టుకుని చూపించారు. రెండు కొసల మధ్య మిగిలిపోయిన మంత్రిగారిని లైవ్‌లో మూడు లక్షల మంది దర్శించుకున్నారు.

మంత్రిగారు నవ్వారు. గొప్పవాళ్లకి కోపం వచ్చినప్పుడు ఆ నవ్వే వస్తుంది.

ఆ సాయంత్రమే తూనికలు, కొలతల శాఖవారు వచ్చి, పది అంగుళాలు ఎక్కువ చూపిస్తున్న నేరానికి మాస్టారి టేపుని కవర్లో పెట్టి సీలు వేసి తీసుకుపోయారు. భర్త ముఖం చూసి మాస్టారి భార్యకి ఏడుపొచ్చింది. ఆ టేపు ఆయన మెడలోంచి దిగడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ప్రభుత్వం మాత్రం ఎవరి కడుపూ కొట్టదు. మూడో రోజున కొత్త టేపు పంపింది. మెత్తగా, నిగనిగలాడుతూ చాలా బాగుంది. మొదటి పది అంగుళాల మేర మంత్రిగారి నిలువెత్తు ఫోటో ఉంది. అంకెలు ఆయన పాదాల దగ్గర మొదలవుతాయి. దాంతో కొలిస్తే మంత్రిగారి నడుము తూచినట్టు ముప్పై ఆరు! మంత్రిగారు మళ్లీ వచ్చి కొలిపించుకుంటే, ఫోటో తీసి పేజీలో పెట్టారు.

ఇక అప్పుడు చూడాలి! దేశంలో నడుములున్న ప్రతివాడూ ఆ పేజీ చూశాడు. ఒక హోల్‌సేల్ వ్యాపారి వచ్చి కొలిపించుకున్నాడు. నలభై నాలుగు నడుము, ముప్పై నాలుగని వచ్చింది. అతను ఆనందబాష్పాలు తుడుచుకుని రెండు జతలకి ఆర్డరిచ్చి, కొలత కాగితంతో ఫోటో పెట్టాడు. మర్నాటికి లైను మలుపు దాటింది. చిన్న కొలతలు తీసేటప్పుడు మాత్రం కొంచెం ఇబ్బందిగా ఉండేది.

"మణికట్టు... మంత్రిగారి మోకాళ్ల దాకా!"

"మోకాళ్ల దాకా!" అని భార్య రాసుకునేది.

అదే టేపుతో కొలిచి అదే టేపుతో కత్తిరించడం వల్ల బట్టలు మాత్రం చక్కగా సరిపోయేవి. ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంత గిరాకీ. అయినా మాస్టారికి అంకె అరుస్తుంటే సిగ్గుగా ఉండేది.

"అబద్ధం చెబుతున్నానే" అన్నారు ఓ రోజు.

"టేపు మీద ఉన్నదేగా చదువుతున్నారు. అయినా సంచుల కంటే నయం కాదూ?" అంది భార్య.

సంచులకంటే నయమే. ఆయన తర్వాతి కస్టమరుకి టేపు చుట్టారు.

ఇంతలో ప్రతిపక్ష నాయకుడు మాస్టారి పేజీని ప్రింట్లు తీయించి పట్టుకుని మైకు ముందుకొచ్చాడు. "చూడండి! ఈ ప్రభుత్వ పాలనలో ప్రజలు తిండి లేక తలా పది అంగుళాలు చిక్కిపోయారు! సాక్ష్యం వాళ్ల నమూనా దుకాణమే!"

దెబ్బ గట్టిగా తగిలింది. ఒకటో తారీకు పొద్దున్నే ఆఫీసరు ఇంకో పెట్టె పట్టుకుని, లైనుని తోసుకుంటూ లోపలికి వచ్చాడు. పెట్టెలో ఇంకో టేపు ఉంది. దీని మీద ఫోటో లేదు. అంకెలు మాత్రం పదకొండు నుంచి మొదలవుతున్నాయి.

"ఇది సమృద్ధి టేపు మాస్టారూ. దీంతో కొలిస్తే ప్రజలు పుష్టిగా ఉన్నట్టు తేలుతుంది. కస్టమరు చెవిలో ఫోటో టేపు అంకె చెప్పండి. పేజీలో ఈ టేపు అంకె పెట్టండి. మంత్రిగారికి మాత్రం ఎప్పుడూ ఆ టేపే."

మాస్టారు రెండు టేపులూ రెండు చేతుల్లో పట్టుకున్నారు.

"మరి బట్ట దేంతో కత్తిరించను సార్?"

"అది పాలసీ మేటర్ కాదు మాస్టారూ. మీ ఇష్టం."

గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు. బయట లైను చూసి బిత్తరపోయి ఉన్నాడు పాపం.

"అబ్బో, ఏం గిరాకీ బావగారూ! మీరిక రారులెండి. ఆ మిషను ఇంకొకరికి ఇచ్చేస్తాను."

"ఆగు. మీ కార్ఖానాలో సంచిని దేంతో కొలుస్తారు?"

"కొలవడమెందుకు? ఒక సంచి కింద పరిచి, దాని మీద గుడ్డ వేసి, దానంత కత్తిరిస్తాం."

"ఆ కింద సంచి ఎవరిచ్చారు? ప్రభుత్వమా?"

"ఛఛ, మా నాన్న కుట్టింది. గోనెసంచి కొలతతో ప్రభుత్వానికేం పనండీ?"

మాస్టారు రెండు టేపులూ ఆఫీసరు మెడలో వేశారు. కొలతలిచ్చిన వాళ్ల బట్టలు ఇంట్లో కుట్టి ఇస్తానని లైనులో వాళ్లకి చేతులు జోడించి చెప్పారు. కత్తెర సంచిలో పెట్టుకున్నారు. భార్య పుస్తకం మూసి, భర్త వైపు ఒక్కసారి చూసి, ఆ సంచిని తనే అందుకుంది.

"అయ్యో మాస్టారూ! మరి దుకాణం?" అన్నాడు ఆఫీసరు.

"పేజీ ఉందిగా సార్. నడుస్తుంది."

నడిచింది. ఆ నెలలో పేజీకి ఇంకో నాలుగు వేల రివ్యూలు చేరాయి. అన్నీ అయిదు స్టార్లే. సమయానికి ఇచ్చారనీ, కుట్టు బ్రహ్మాండంగా ఉందనీ జనం మెచ్చుకున్నారు. నూటికి నూరు పాళ్లూ ఆన్‌లైన్ అయిన తొలి దుకాణంగా మంత్రిగారు దానికి అవార్డు ప్రకటించి, అయిదు నిమిషాలు ప్రసంగించి, తాళానికి దండ వేసి వెళ్లారు.