లేచిందా, మామయ్యా?

ఆ శనివారం పొద్దున ఫిర్యాదుల గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పిండి కలపాలి, ఆఫీసుకు వెళ్ళాలి, ఒంటిపూట పని ముగించుకొచ్చి రొట్టె కాల్చాలి. నీటి మీటర్ల ఆఫీసులో ఊరందరి ఫిర్యాదులూ వినే మనిషికి, ఇంట్లో తన మీద ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదును తీర్చేసుకోవాలని కోరిక. ఆ ఫిర్యాదు వంటింటి గట్టు సగం ఆక్రమించుకుని కూర్చుంది. దాని పేరు ఓవెన్.

ఓవెన్ వచ్చాక ఇప్పటికి రెండు రొట్టెలు అయ్యాయి. మొదటిదాంట్లో ఒక ముక్క ఆఫీసుకు పట్టుకెళితే క్యాషియరమ్మ పన్ను కదిలింది. మిగతాది వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డుగా పనికొస్తోంది. రెండోది బొగ్గయింది. ఆఫీసులో అందరూ ‘బేకరీ బాబు’ అని పిలవడం మొదలుపెట్టాక, ఇక జన్మలో పిండి ముట్టనని అతను క్యాషియరమ్మ ఎదుట ఒట్టు పెట్టాడు. ఒట్టు ఆఫీసు వరకే. ఇంట్లో యుద్ధం నడుస్తూనే ఉంది.

రాత్రి డ్యూటీకి వెళుతూ అతని భార్య తీర్పు చెప్పేసింది. ఆమె నర్సు. ఎవరికి ఎంత మోతాదు ఇవ్వాలో బాగా తెలుసు.

“రేపు సాయంత్రం మా తమ్ముడు వ్యాను తెస్తాడు. ఈలోగా మనిషన్నవాడు తినే రొట్టె ఒక్కటి వచ్చిందా, ఓవెన్ ఉంటుంది. లేదా, వాడితో వెళ్తుంది. కావాలంటే దాంతోపాటు మీరూ వెళ్ళొచ్చు.”

అందుకే తెల్లవారగానే లేచి మైదా, ఈస్టు, ఉప్పు, నూనె కలిపి మోచేతులు నొప్పి పుట్టేదాకా పిసికాడు. సగం రొట్టెకి, సగం పిజ్జాకి. ఒకటి పోయినా ఒకటి దక్కుతుందని ఆశ. పిండి పొంగడానికి వెచ్చని చోటు కావాలి. డ్యూటీ నుంచి వచ్చిన భార్య కిటికీలు మూసి, తెరలు దించి, దుప్పటి ముసుగుతన్ని పడుకున్న గదికన్నా వెచ్చని చోటు ఆ ఇంట్లో లేదు. బేసిన్ మీద పళ్ళెం మూసి, మంచం అవతల మూల పెట్టి, పిల్లిలా బయటికొచ్చాడు.

ముందుగదిలో మామగారు పేపరు చదువుతున్నారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఏళ్ళ తరబడి సొంత ఈల సొంత చెవి పక్కనే ఊదుకుని సగం చెవుడు తెచ్చుకున్నారు.

“మామయ్యా, పిండి గదిలో పెట్టాను. కదిలించకండి. లేస్తే నాకు ఫోన్ చేయండి.”

ఆయన చెవిలో పడ్డది “గదిలో”, “కదిలించకండి”, “లేస్తే ఫోన్.” ఆయన కళ్ళు చెమర్చాయి. పెళ్ళాం నిద్ర గురించి ఇంత శ్రద్ధ తీసుకునే మొగుణ్ణి ఆయన ఇంతవరకూ చూడలేదు, అద్దంలో సహా.

“నువ్వు నిశ్చింతగా వెళ్ళు అల్లుడూ. చీమను కూడా లోపలికి పోనివ్వను.”

ఆఫీసులో అతనికి పని మీద మనసు నిలవలేదు. మీటరు వెనక్కి తిరుగుతోందని ఒకాయన మొరపెట్టుకుంటుంటే, “పొంగుతుందిలెండి” అన్నాడు. ఇక ఉండబట్టలేక ఇంటికి ఫోన్ కలిపాడు. మామగారికి వినపడాలంటే అరవాలి. పక్క బల్ల క్యాషియరమ్మకు తెలియకూడదంటే పిండి అన్న మాట ఎత్తకూడదు.

“మామయ్యా! లేచిందా?”

“లేవలేదు. ఉలుకూ పలుకూ లేదు.”

ఈస్టు చచ్చిందేమో. “కాస్తయినా ఉబ్బిందా?”

మామగారు తలుపు ఓరగా తీసి చూసొచ్చారు. రాత్రంతా మేలుకున్న మొహం మరి. “ఆఁ, కొంచెం ఉబ్బే ఉంది.”

“హమ్మయ్య! ముట్టుకోకండి, అలాగే పడుండనివ్వండి!”

క్యాషియరమ్మ నోట్లు లెక్కపెట్టడం ఆపింది.

కొంతసేపటికి ఈసారి మామగారే ఫోన్ చేశారు. “అల్లుడూ, లేచింది! కానీ ఇంతలోనే మళ్ళీ పడిపోయింది.” కూతురు లేచి, మంచినీళ్ళు తాగి, తిరిగి మంచమెక్కిందని ఆయన భావం.

గుమస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పొంగిన పిండి పడిపోయిందంటే పరువూ, ఓవెనూ కలిసి పోయినట్టే.

“పడిపోయిందా! చచ్చిందేమో చూడండి! వేలితో గట్టిగా పొడవండి, గుంట పడుతుందేమో!”

“ఏంటీ?”

“పొడవండి అంటున్నాను! కదిలితే ప్రాణం ఉన్నట్టే. అప్పుడు పిడికిలి బిగించి రెండు గుద్దులు గుద్దండి. లోపలున్న గాలంతా పోవాలి! రెండు చివర్లూ పట్టుకుని మెలితిప్పి, తడిగుడ్డ కప్పేయండి. మీవాడు వ్యాను తెచ్చేలోపు నేనొచ్చి కాల్చేస్తాను!”

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. చెప్పింది అర్థమైంది కాబోలని గుమస్తా తృప్తిగా కూర్చున్నాడు.

తలెత్తి చూస్తే ఆఫీసు మొత్తం నిలబడి ఉంది. క్యాషియరమ్మ డబ్బు పెట్టెకు తాళం వేసి వచ్చింది. వెనకాలే మేనేజరు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఏమయ్యా, నువ్వు మనిషివేనా?” అంది ఆవిడ.

ఒట్టు సంగతి బయటపడిందనుకుని అతను చేతులు జోడించాడు. “తప్పయిపోయింది మేడమ్. మీకు మాటిచ్చి కూడా ఆపుకోలేకపోయాను. ఇంకెప్పుడూ చేయను.”

“అంటే ఇంతకుముందు కూడా చేశావా!”

“రెండుసార్లు. మొదటిది బిర్రబిగుసుకుపోయింది. రెండోది మాడి బొగ్గయింది. ఈ మూడోదైనా దక్కుతుందని…”

“మూడోదా!” మేనేజరు పక్కనున్న బల్ల పట్టుకున్నారు. “ఆ మొదటి… ఆ మొదటిది ఇప్పుడెక్కడుంది?”

“వీధి తలుపు దగ్గరే పడుంది సార్. అడ్డంగా.”

మరో మాట లేదు. అటొకరు ఇటొకరు రెక్కలు పట్టుకుని అతన్ని మేనేజరు కారెక్కించారు. ఒక రొట్టెముక్క కోసం ఇంత రాద్ధాంతమా అని అతనికి ఒళ్ళు మండింది. పన్ను కదిలితే మాత్రం? ఊడలేదు కదా! దారంతా ఆవిడ “ఆ అమ్మాయి ప్రాణాలతో ఉంటే చాలు” అని గొణుగుతూనే ఉంది. ఏ అమ్మాయో అతనికి బోధపడలేదు.

ఇంటి ముందు వ్యాను ఆగి ఉంది. సాయంత్రం రావలసిన బావమరిది, ఫోన్లో తండ్రి కేకలకు భయపడి అప్పుడే వచ్చేశాడు. చేతిలో, ఓవెన్ కట్టడానికి తెచ్చిన తాడు.

“తాడు కూడానా!” అని క్యాషియరమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

గుమ్మంలో మామగారు మెడలో ఈల, చేతిలో డ్రిల్లు కర్రతో నిలబడ్డారు. అల్లుణ్ణి చూడగానే ఈల ఊదారు. వీధిలో కుక్కలన్నీ లేచాయి.

“రారా! గుద్దాలా? గాలి తీయాలా? ముందు నన్ను గుద్దు! పొద్దున నీ ప్రేమ చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాను, ఛీ!”

“మామయ్యా, ప్రేమేంటి? అక్కడ అది పాడైపోతోంది, దారివ్వండి!”

“అదీ, ఇదీ అంటే పళ్ళు రాలతాయి!”

“బావా, మా అక్కనా?” అంటూ బావమరిది తాడు రెండు చేతులకీ చుట్టుకున్నాడు. మేనేజరు ఫోన్ తీసి ఎవరిని పిలవాలో తేలక తడుముకుంటున్నారు. ఇంతలో గది తలుపు భళ్ళున తెరుచుకుంది.

జుట్టు రేగి, కళ్ళు ఎర్రబడి, ఆమె గడపలో నిలబడింది. “ఎవరు చచ్చారని ఈ గోల?”

“బతికే ఉందిరా!” అని మామగారు కర్ర వదిలేశారు. “అమ్మా, నిన్ను పొడవమన్నాడు. గుద్దమన్నాడు. మెలితిప్పి కాల్చేస్తాడట!”

“ఈవిడ మూడోదట, పాపం తెలుసో లేదో” అంది క్యాషియరమ్మ.

పొద్దుటి నుంచి తను అరిచిన మాటలన్నీ ఒక్కొక్కటిగా గుమస్తా చెవుల్లో మోగాయి. లేచింది, పడిపోయింది, చచ్చిందేమో. పిండికైనా పెళ్ళానికైనా ఒకే క్రియ వాడే భాషలో పుట్టినందుకు మొదటిసారి విచారించాడు.

“పిండిని! నేను గుద్దమన్నది పిండిని! మొదటిది రొట్టె, రెండోది రొట్టె, ఇది మూడో రొట్టె!”

ఎవరూ నమ్మేవారు కాదేమో. సరిగ్గా అప్పుడే గదిలో పళ్ళెం ఖణేలుమని కిందపడింది. అందరూ తొంగిచూశారు. పిండి బేసిన్ దాటి, గోడవార పాకి, కుర్చీ మీంచి కిందికి జారిన తెల్ల యూనిఫాంను తీరిగ్గా కౌగిలించుకుంటోంది.

ఆమె పిండిని చూసింది. యూనిఫాంను చూసింది. చివరగా మొగుణ్ణి చూసింది.

“ఎన్ని గుద్దులన్నారు?”

“రె… రెండు.”

పైపిండి వరకు తీసి గట్టు మీద పడేసి, మొగుడి మొహంలోంచి కళ్ళు తిప్పకుండా గుద్దడం మొదలుపెట్టింది. పాత అలవాటు కొద్దీ మామగారు “వన్, టూ! వన్, టూ!” అంటూ అందుకున్నారు. రెండు అనుకున్నది చాలా దూరం వెళ్ళింది. ఎవరూ ఆపలేదు. గుద్దు పడినప్పుడల్లా గుమస్తా పొట్ట పట్టుకున్నాడు.

వచ్చినవాళ్ళు ఊరికే వెళ్ళలేక కూర్చున్నారు. పిండి మళ్ళీ పొంగింది. సగం రొట్టె అయింది, సగం మీద టమాటా, ఉల్లిపాయ, చీజ్ పరిచి పిజ్జా చేశారు. పొద్దుటి నుంచి ఎవరూ మూత తీసి పొడవకపోవడం, తర్వాత మనస్ఫూర్తిగా గుద్దబడటం, రెండూ దానికి కలిసొచ్చాయి. రొట్టె దూదిలా వచ్చింది. క్యాషియరమ్మ కదిలిన పన్ను వైపే నమిలి, ఏమీ కాకపోయేసరికి రెండో ముక్క తీసుకుంది. బావమరిది పిజ్జా తింటూ తాడు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

“ఓవెన్ ఉంటుంది” అంది ఆమె. “ఇకనుంచి గుద్దే పని నాది. బేసిన్లు తోమేది మీరు, యూనిఫాం ఉతికేది మీరు.”

సోమవారం ఆఫీసులో ఫోన్ మోగింది. బల్లలన్నీ చెవులు రిక్కించాయి.

“అల్లుడూ, లేచింది!” మామగారి గొంతు క్యాషియరమ్మ దాకా వినిపించింది. “బాగా పొంగిపోయి ఉంది. నువ్వు త్వరగా వస్తే మంచిది.”

ఏది అని అడిగే ధైర్యం లేక, గుమస్తా ఆ పూటకు సెలవు పెట్టాడు.