బాలనర్సయ్య బిగించిన స్ప్రింగు

బోధన్‌లో చెరుకు సారు బాలనర్సయ్యకు ఆదివారం మీదున్న ప్రేమ అంతా ఇంతా కాదు. వారమంతా చక్కెర ఫ్యాక్టరీ తరఫున మోటార్‌సైకిలేసుకుని రెంజల్ చుట్టుపక్కల చెరుకు తోటలు తిరుగుతాడు. ఆదివారం మాత్రం తురుపు ఆత్మారాం ఇంట్లో చాప మీద కూర్చుని పేకాడతాడు. చేతిలో ఏ ముక్క ఉన్నా అదే తురుపని వాదించే మనిషి గనుక ఆత్మారాంకు ఆ పేరొచ్చింది.

అలాంటి ఆదివారానికి ఎసరు పెట్టింది బాలనర్సయ్య భార్య ప్రమీలమ్మ.

డెబ్బై రెండో సంవత్సరం అది. ప్రమీలమ్మ అప్పుడే కుట్టు నేర్చుకుంది. రెంజల్ అవతల ఆమె తల్లిగారి ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు "మాకు గూడ నేర్పక్కా" అని వెంటపడితే, ప్రతి ఆదివారం వస్తానని మాటిచ్చేసింది. పెళ్లయినప్పటి నుంచి తనకంటూ పెట్టుకున్న పని అదొక్కటే. ఆ ఊరికి బస్సు లేదు. ఉన్నదల్లా చెరుకు బండ్ల చక్రాలు తిరిగి తిరిగి లోతుగా గాళ్లు పడిన బాట. మొగుడు తీసుకుపోకపోతే కుట్టు బడి మొదట్లోనే మూతపడుతుంది.

"ఇగో, పొద్దుగాల దించు, పొద్దుమీకినంక తోలుకరా. గంతే," అంది.

"పోవుడు రావుడుకే పానం పోతది. ఇగ పేకలెప్పుడు ఆడాలె?"

"పానం పోతే ఆత్మారామన్న తురుపేసి తెస్తడు తీ."

ఇలాంటి మనిషికి ఎదురుగా కాదని చెప్పడం బాలనర్సయ్య వల్లయ్యే పని కాదు. అందుకే ఆమె అంతట ఆమే వద్దనేలా చేయాలనుకున్నాడు. నేరుగా హతోడా సిరాజ్ దుకాణానికి పోయాడు. సిరాజ్ మోటార్‌సైకిల్ మెకానిక్. బండికి ఏ రోగమొచ్చినా హతోడాతోనే, అంటే సుత్తితోనే, నాడి చూస్తాడు.

"సిరాజ్ భాయ్, వెనుక స్ప్రింగులు గట్టిగ జెయ్యాలె."

"కిత్నా గట్టి సార్?"

"వెనుక కూసున్నోళ్లకు దేవుడు కనవడాలె."

ఎందుకని సిరాజ్ అడగలేదు. స్ప్రింగు అడుగున మెట్లున్న కడియం ఒకటి ఉంటుంది. దానికి కొక్కెం పానా తగిలించి తిప్పితే మెట్టు మెట్టుకూ స్ప్రింగు బిగుస్తుంది. ఆఖరి మెట్టు దాకా తిప్పి, అదీ చాలక సుత్తితో నాలుగు వేశాడు.

ఆదివారం ప్రమీలమ్మ కుట్టు మిషను వెనుక కట్టించి, వాళ్లవ్వ కోసం చిన్న మట్టి గురిగిలో పెరుగు ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. బండ్ల బాట రాగానే బాలనర్సయ్య గాళ్లు వెతికి వెతికి మరీ దింపాడు. ఇప్పుడు "అవ్వో" అంటుంది, ఇప్పుడు "దించు" అంటుంది అని చెవులు రిక్కించాడు. వెనుక నుంచి చప్పుడు లేదు.

ఊరొచ్చింది.

"అప్పుడే అచ్చినమా? జర కునుకు వట్టింది," అంటూ ప్రమీలమ్మ దిగింది. "ఊయల లెక్కున్నదయ్యా నీ బండి! గింత మంచిగ పోతదని తెల్వకపాయె."

గురిగిలో పెరుగు మీద మీగడ కూడా చెదరలేదు.

బాలనర్సయ్య ఒక్కడే తిరుగుముఖం పట్టాడు. మొదటి గుంతలోనే బండి గుర్రంలా ఎగిరింది. కళ్లద్దాలు చెరుకు తోటలో పడ్డాయి, టోపీ తుమ్మకొమ్మకు తగులుకుంది. వాటిని ఏరుకుని ఆత్మారాం ఇంటికి చేరేసరికి కూర్చునే భాగమేదీ మిగల్లేదు.

"కూసో నర్సయ్యా," అన్నాడు ఆత్మారాం.

"నిలవడే ఆడత."

"గదేం ఆట?"

"డాక్టర్ జెప్పిండు."

నిలబడి ఆడేసరికి, వంగినప్పుడల్లా ఆయన ముక్కలు చాప మీదున్న అందరికీ కనబడ్డాయి. ఆ రోజు ఆత్మారాం తురుపు లేకుండానే గెలిచాడు.

బిగింపు చాలలేదని బాలనర్సయ్య తీర్మానించుకున్నాడు. సిరాజ్ చేత స్ప్రింగు కింద ఇనుప రింగు కూడా వేయించాడు. మరుసటి ఆదివారం ప్రమీలమ్మ మిషనుతో పాటు బట్టల మూట కూడా ఎక్కించి, "పోయినసారి కన్న మంచిగున్నది," అంది. మిగతా రోజుల్లో తోటలకు ఒక్కడే పోయే బాలనర్సయ్య మాత్రం నడుము పట్టుకుని తిరిగాడు. సారు చెరుకు దిక్కు చూడడం మానేశాడని రైతులు చెప్పుకున్నారు.

ప్రమీలమ్మ ఇటుక కాచి నడుముకు కాపడం పెడుతూ అడిగింది.

"ఇద్దరం పోతే ఊయల లెక్కుంటది. ఒక్కనివి పోతే నడుం ఇరుగుతది. ఎందుకంటవ్?"

"బాట మంచిగ లేదు."

"ఇద్దరం పోయేది గా బాటనే గదా?"

బాలనర్సయ్య దగ్గాడు. దగ్గితే నడుము ఇంకా నొప్పెట్టింది.

"మా బాపు ఎడ్లబండి యాదికొస్తున్నది," అంది ప్రమీలమ్మ. "నిండ చెరుకేసుకొని ఫ్యాక్టరీకి పోతుంటె మెల్లగ ఊగుకుంట పోతుండె. ఖాళీగ ఇంటికి మర్రంగ ఎగిరెగిరి పడుతుండె, మేము కట్టెలు వట్టుకొని కూసుంటుంటిమి. గట్టిబండికి బరువు గావాలయ్యా."

బాలనర్సయ్యకు అప్పుడు లెక్క తెలిసింది. పెళ్లాన్ని దించడానికి బిగించిన స్ప్రింగు, పెళ్లాం బరువుకే అతికినట్టు సరిపోయిందన్నమాట.

తెల్లారగానే సిరాజ్ దగ్గరికి పరుగెత్తాడు. సిరాజ్ పానా పెట్టి మూలిగాడు, సుత్తితో కొట్టాడు, గడ్డం గోక్కున్నాడు.

"జామ్ అయింది సార్. ఇగ తిర్గది."

"కొత్తయి?"

"హైదరాబాద్‌కెల్లి రావాలె. ఎప్పుడొస్తయో అల్లాకెరుక."

బాలనర్సయ్య వెనుక ఇసుక బస్తా కట్టుకుని తోటలకు బయలుదేరాడు. బస్తాకు చిల్లి ఉన్న సంగతి చూసుకోలేదు. రెంజల్ పొలిమేర చేరేసరికి బస్తా ఖాళీ అయింది, బోధన్ నుంచి బాట పొడుగునా ముగ్గు పెట్టినట్టు ఇసుక గీత పడింది.

ఆ సాయంత్రం ప్రమీలమ్మ పక్కన చేరి గొణిగాడు. "రేపు నాతోటి రారాదు?"

"నేనా? నాకు పనిలేదా?"

"నువ్వొస్తే నడుం నిలవడ్తది."

"అయితే దారిల ఊర్లల్ల దించు. అక్కడ గూడ కుట్టు నేర్పమంటున్నరు. నేను నేర్పినంత సేపు నువ్వు నడిసి తోటలు సూడు. చెరుకు నడిసే సూడాలె గదా!"

అలా ఒక్క ఆదివారం తప్పించుకోబోయిన మనిషి వారమంతా పెళ్లాన్ని ఎక్కించుకుని తిరిగాడు.

ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలయ్యేనాటికి, బీడీలు చుట్టే లింగవ్వ తన బిడ్డకు గౌను కుట్టింది. చేతులు కొంచెం ఎక్కువ తక్కువ వచ్చాయి. ఆ పిల్ల మాత్రం అది వేసుకుని ఊరంతా తిరిగొచ్చింది.

"నువ్వు తోలుకరాబట్టే సారూ మాకీ పని అచ్చింది," అని లింగవ్వ దండం పెట్టింది.

బాలనర్సయ్యకు సిగ్గేసింది. తనే మూతపడేలా చేయబోయిన పని ఇది. ఆ వెంటనే సంతోషం కూడా వేసింది. ప్రమీలమ్మ ముఖం అంత వెలగడం ఆయన అంతకు ముందు చూడలేదు.

మరుసటి ఆదివారం చొక్కాకు గుండీ ఊడితే, సూది కోసం ఆమె కుట్టుసంచిలో చేయి పెట్టాడు. కత్తెర కింద చల్లగా ఇనుము తగిలింది. బయటికి తీస్తే, సిరాజ్ కొక్కెం పానా!

"గిది నీ దగ్గరెట్లున్నది?"

"సిరాజ్ పెండ్లాం నసీమాకు కుర్త కుట్టిచ్చిన గదా. నువ్వు స్ప్రింగు బిగిపిచ్చిన సంగతంత ఆమెనే జెప్పింది. జామ్ గీమ్ ఏం కాలే. సిరాజ్‌ను గట్ల జెప్పమన్నది నేనే. పానా గూడ నేనే అడిగి తెచ్చిన."

"మరి గిన్ని దినాలు నాకు జెప్పకపోతివి!"

"నువ్వు నాకు జెప్పినవా?"

బాలనర్సయ్య పానా పట్టుకుని బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. కడియానికి తగిలించాడు. ప్రమీలమ్మ మిషను కట్టుకుంటోంది. తాడు ముడి బిగించే ఆమె చేతుల వంక కాసేపు చూసి, పానా తీసి మళ్లీ సంచిలో వేశాడు.

"ఏమాయె? తిప్పుకో," అంది ప్రమీలమ్మ.

"ఇద్దరు పోయే బండికి గీ బిగింపే మంచిగుంటది తీ."

ప్రమీలమ్మ నవ్వు దాచుకుంటూ ఎక్కింది. బండ్ల బాట వచ్చింది. బాలనర్సయ్య బుద్ధిగా ఒక పక్కకు జరిగి నున్నటి చోట పోనిచ్చాడు. వెనుక నుంచి భుజం మీద వేలు తగిలింది.

"గాళ్లు తప్పియ్యకు. మొదటిసారి ఎతికి ఎతికి దింపినవు గదా, గట్లనే పోనియ్యి. నాకు జర కునుకు వడ్తది."

బాలనర్సయ్య బండిని గాడిలోకి దింపాడు.