మంచె మీద మెల్విన్ సీటు

ఆ డిసెంబరు శనివారానికి లైల్ హౌతలా వేసుకున్న పథకం సులువైనదే. తెల్లవారకముందే అడవికి వెళ్ళాలి, మంచె ఎక్కాలి, విల్లుతో ఒక దుప్పిని కొట్టాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, వెచ్చటి ఆవిరిగది సౌనాలో కూర్చోవాలి. ఈ పథకంలో మొదట దెబ్బతిన్నది చలికి ముఖానికి తొడుక్కునే ముసుగు.

అది పొయ్యి పక్కన తాడు మీద ఆరుతోంది. లైల్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"దీన్ని ఉతికావా?"

"ఉతక్క? ఎలక చచ్చిందేమోనని రెండ్రోజులు ఇల్లంతా వెతికాను. తీరా చూస్తే ఇది," అంది భార్య డోరీన్.

"దేంతో ఉతికావు?"

"సబ్బుతో."

"ఏ సబ్బు?"

"మంచి సబ్బే."

మంచి సబ్బంటే పూల వాసన. పావుమైలు అవతల ఉన్న దుప్పి కూడా దాన్ని పసిగడుతుంది. "ఇది తొడుక్కుని కూర్చుంటే, ఎవరో పెళ్ళికొడుకు దిగాడని అడవంతా ఖాళీ అయిపోతుంది," అన్నాడు లైల్.

"నిన్ను చూసి ఏ దుప్పీ అలా పొరబడదులే," అంది డోరీన్.

బయట చలి సున్నాకి బాగా కింద ఉంది. ముఖం, మెడ మూసుకోకుండా కదలకుండా కూర్చుంటే ముక్కు చివర తెల్లబడి మొద్దుబారుతుంది. లైల్ షెడ్డులోకి వెళ్ళి మేకుకు వేలాడుతున్న ఉన్ని ముసుగు తెచ్చుకున్నాడు. అది వాళ్ళ తాతది. మందంగా ఉంటుంది, సాగిపోయింది, చెంపల దగ్గర మడతలు పడుతుంది. విల్లు లాగినప్పుడు అల్లెతాడు చెంపకు ఆనుతుంది. అక్కడ మడత ఉంటే తాడు దాన్ని పట్టుకుంటుంది. ఈ సంగతి లైల్‌కు తెలుసు. కానీ వేరే ముసుగు లేదు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ అడవి అతనిది కాదు. ఎనభై ఎకరాలూ ఐలీన్ కొర్పివి. ఆమె భర్త మెల్విన్, లైల్ కలిసి అక్కడ ఒక చెట్టు మీద రెండు సీట్ల మంచె కట్టారు. ఎడమ సీటు మెల్విన్‌ది, కుడి సీటు లైల్‌ది. కిందటి వసంతంలో మెల్విన్ పోయాడు. పాతిపెట్టినప్పుడు వేట కోటు తొడిగే పాతిపెట్టారు. తర్వాత లైల్ అనుమతి అడగడానికి వెళితే ఐలీన్ గుమ్మంలోనే చెప్పేసింది: "నువ్వు రా. నువ్వొక్కడివే. మెల్విన్ సీట్లో ఇంకెవరన్నా కూర్చున్నారని తెలిసిందో, గేటుకి తాళం పడుతుంది." చుట్టుపక్కల మిగిలిన అడవంతా పట్నంవాళ్ళు కౌలుకు తీసుకున్నారు. ఈ గేటు మూసుకుంటే లైల్ విల్లు షెడ్డులో మేకుకు వేలాడటమే. చలికాలమంతా ఇంట్లో వండుకునే మాంసం కూడా ఇక్కడినుంచే వస్తుంది.

అయినా లైల్ ఆ సీటు ఇస్తానని బావమరిది గోర్డీకి మాట ఇచ్చాడు. లైల్ మోకాలు పాడయింది. కొట్టిన దుప్పిని మంచులో ఈడ్చుకురావడానికి ఇంకో మనిషి కావాలి. గోర్డీ ఊరికే ఈడ్చే రకం కాదు. "సీటిస్తే వస్తా బావా, నిలబడి చూడ్డానికైతే రాను," అన్నాడు. ఐలీన్ కంట పడకుండా గోర్డీ బురదనేల వైపు నుంచి నడిచి రావాలి, ముందే ఎక్కి కూర్చోవాలి, కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా మూసుకోవాలి. అదీ ఒప్పందం.

రాత్రి కొత్త మంచు కురిసింది. లైల్ రోడ్డు వైపు నుంచి చీకట్లోనే నడిచి నిచ్చెన ఎక్కాడు. మెల్విన్ సీట్లో మనిషి ఉన్నాడు. ముఖమంతా ముసుగు ఉంది, చేతులు ఒళ్ళో ఉన్నాయి, విల్లు మోకాళ్ళ మీద ఉంది. లైల్ పక్కన కూర్చుని ఉన్నిలోంచి గుసగుసలాడాడు.

"ఎవరూ చూళ్ళేదుగా?"

మనిషి తల అడ్డంగా ఊపాడు.

"ఐలీన్‌కి తెలిస్తే మన పని అయిపోయినట్టే. చూపు ఆనకపోయినా ముసల్దానికి అన్నీ తెలుస్తాయి."

మనిషి మోకాళ్ళ మీది విల్లును సర్దుకున్నాడు.

"సీటు గురించి నువ్వేం దిగులుపడకు. మెల్విన్ లేచొచ్చి అడుగుతాడా ఏంటి?"

మనిషి తల నెమ్మదిగా లైల్ వైపు తిరిగింది. కాసేపు అలాగే ఉండి, మళ్ళీ ముందుకు తిరిగింది. గోర్డీ ఇంత బుద్ధిగా నోరు మూసుకుని కూర్చోవడం లైల్ ఎప్పుడూ చూడలేదు. సీటు దొరికితే మనిషి మారతాడు కాబోలు అనుకున్నాడు.

తెల్లవారుతుండగా లైల్ మూడు సంగతులు గమనించాడు. అతని ఊపిరి ఉన్నిలోంచి ఆవిరై వస్తోంది, ముసుగు మీద మంచు కడుతోంది. పక్క మనిషి ముఖం దగ్గర ఆవిరి లేదు. రెండోది, బురదనేల నుంచి మంచె దాకా మంచు పరిచినది పరిచినట్టే ఉంది. దాని మీద అడుగు పడలేదు. మూడోది చూసేసరికి అతని చేతి తొడుగుల్లో వేళ్ళు బిగుసుకున్నాయి. పక్క మనిషి ముసుగుకు గడ్డం దగ్గర ఆకుపచ్చ దారంతో రఫూ ఉంది. సౌనా పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి ఆ ముసుగుకు చిల్లి పడినప్పుడు లైల్ పక్కనే ఉన్నాడు. అది మెల్విన్ ముసుగు. మెల్విన్ దాన్ని ఎప్పుడూ కోటు జేబులోనే పెట్టుకునేవాడు. ఆ కోటు మట్టి కింద ఉంది.

జేబులో ఫోను వణికింది. లైల్ దాన్ని మోకాలి పక్కన పట్టుకుని చదివాడు. గోర్డీ పంపాడు. "బావా, రాత్రి నుంచి జ్వరం. మంచం దిగలేదు. మాంసంలో నా వాటా మాత్రం ఉంచు."

లైల్ ఫోను లోపల పెట్టాడు. నిచ్చెన ఎడమ పక్కన ఉంది. దిగాలంటే ఆ మనిషి మోకాళ్ళ మీదుగా పోవాలి. దూకుదామంటే నేల రెండు నిలువుల కింద ఉంది. లైల్ కొంచెం కదిలాడు. పక్క మనిషి చెయ్యి వచ్చి అతని మోకాలి మీద రెండుసార్లు తట్టింది.

కదలకు అని చెప్పడానికి మెల్విన్ అలాగే తట్టేవాడు. లైల్ కదలలేదు.

"ఈ సీటు ఎవరికిచ్చావు?" అంది ముసుగు.

గుసగుసకు గొంతు ఉండదు. మధ్యలో ఉన్ని అడ్డముంటే అది ఎవరిదో చెప్పడం ఎవరి వల్లా కాదు. లైల్‌కు మాత్రం ఏ సందేహమూ కలగలేదు.

"ఎవరికీ ఇవ్వలేదు, మెల్విన్. ఒట్టు. ఇవాళ ఒక్కరోజుకే అనుకున్నా."

కొమ్మ మీదినుంచి మంచు జారి పడింది. తర్వాత గుసగుస మళ్ళీ వచ్చింది.

"గోర్డీ?"

"వాడు ఈ చెట్టు ఛాయలకి రాడు. నేను రానివ్వను."

"ఐలీన్‌ని ముసల్దన్నావు."

"నోరు జారింది. చాలా మంచి మనిషి. చూపు కూడా బాగా ఆనుతుంది."

"కట్టెలు అయిపోయాయి."

లైల్‌కు అర్థం కాలేదు. "ఎవరికి?"

"ఐలీన్‌కి."

"కొట్టిస్తా. నేనే కొడతా. చలికాలం మొత్తానికి సరిపడా."

"పైకప్పు మీద మంచు?"

"తీస్తా."

"కోళ్ళ షెడ్డు తలుపు?"

చచ్చినవాళ్ళకు కోళ్ళ షెడ్డు తలుపు సంగతి ఎందుకు, అన్న ఆలోచన లైల్‌కు ఒక్క క్షణం వచ్చింది. కానీ మెల్విన్ బతికుండగా ఆ తలుపు బాగుచేస్తానని ఏళ్ళ తరబడి అంటూనే ఉండేవాడు. ఆ బెంగతోనే లేచొచ్చాడేమో అనిపించి లైల్‌కు ఇంకా భయమేసింది. "సోమవారం వచ్చి బిగిస్తా," అన్నాడు. 

అప్పుడే దేవదారు చెట్ల మధ్య కొమ్మ విరిగిన చప్పుడయింది. మగ దుప్పి ఒకటి బయటికొచ్చింది. కొమ్ములు పెద్దవి, మెడ లావుగా ఉంది. అది మంచె ముందరికి నడిచి వచ్చి పక్కకు తిరిగి నిలబడింది.

మోకాలి మీద చెయ్యి పడింది. ఈసారి ఒకే తట్టు. ఆ తట్టుకు అర్థం, కొట్టు.

చచ్చినవాడు చెప్పినా బతికినవాడు చెప్పినా దుప్పి దుప్పే. లైల్ విల్లెత్తి అల్లెతాడు చెంపదాకా లాగి వదిలాడు. తాడు ముసుగు మడతను పట్టుకుని ముందుకు పోయింది. తాత ముసుగు సగం తిరిగి, కళ్ళుండాల్సిన కంతలు చెవి పక్కకు వచ్చాయి. బాణం ఎక్కడో చెట్టుకు తగిలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అంతా చీకటి, నోట్లో ఉన్ని.

"మెల్విన్! నన్నొదిలెయ్! తలుపు ఇవాళే బిగిస్తా!" అని లైల్ గట్టిగా అరిచాడు.

చీకట్లో ఇంకో అల్లెతాడు మోగింది. మంచులో బరువైనదేదో కూలింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

లైల్ రెండు చేతులతో ముసుగును పీకి పారేశాడు. పక్క సీట్లో ఐలీన్ కొర్పి విల్లు దించుతోంది. ఆమె ముసుగు గడ్డం కిందికి దించి ఉంది. చెంప మీద అల్లెతాడు గీత ఎర్రగా కనిపిస్తోంది. ముక్కులోంచి ఆవిరి వస్తోంది.

"లాగేముందు మొహం మీది ముసుగు గడ్డం కిందికి దించాలి. మా నాన్న మొట్టమొదట నేర్పిందదే. నీకెవరూ నేర్పలేదా?" అందామె.

లైల్ ఆమె ముక్కు వైపు వేలు చూపించాడు. "ఆవిరి... నీకు ఆవిరి రాలేదు."

"ఊపిరి మెడగుడ్డలోకి వదిలితే కోటు లోపలికి పోతుంది. వెచ్చగా ఉంటుంది, దుప్పికీ కనబడదు. ఇదీ తెలీదా? ఇన్నేళ్ళు మీరిద్దరూ ఇక్కడేం చేశారు?"

"అడుగుల జాడలు లేవు."

"ఇంటి వెనక నుంచొచ్చాను. నువ్వు చెట్టు వెనక్కి చూడందే ఎలా కనిపిస్తాయి?"

"ఆ తట్టడం?"

"చర్చిలో నేను నోరు తెరిచినప్పుడల్లా మెల్విన్ నా మోకాలి మీద తట్టేవి ఆ రెండూ. దుప్పిని కొట్టమనడానికి ఒకటేనని మాత్రం అతనే చెప్పాడు."

ఐలీన్ ముసుగును తలమీంచి తీసి మడిచింది. "కోటిచ్చి పంపించాను. ఇది ఉంచేసుకున్నా. వాసన పోతుందని ఉతకలేదు," అంది. దాన్ని తన కోటు లోపలి జేబులో పెట్టుకుంది.

"నిన్న ఊళ్ళో దుకాణంలో గోర్డీ అందరికీ చెప్పుకున్నాడు, మెల్విన్ సీటు తనదేనని," అంది ఐలీన్. "ఎవడొచ్చి కూర్చుంటాడో చూద్దామని నేనే వచ్చి కూర్చున్నా. గేటు తాళం కూడా తెచ్చాను. నువ్వు నన్ను మెల్విన్ అన్నావు చూడు, అక్కడాగిపోయా. అతన్ని ఎవరన్నా పేరు పెట్టి పిలిచి చాలా రోజులైంది."

"మరి నేను?" అన్నాడు లైల్. గేటు సంగతి అడగడానికి అతనికి అంతకన్నా మాట దొరకలేదు.

"కట్టెలు, పైకప్పు, తలుపు ఒప్పుకున్నావు. వెనక్కి తీసుకుంటావా?"

"లేదు."

"అయితే ఆ సీటు నీదే. ఈ సీటు నాది. గోర్డీ గేటు అవతల. ఒక్క షరతు. నా పక్కన కూర్చున్నవాడి మొహం నాకు కనబడాలి. ముసుగులు, మెడగుడ్డలు కుదరవు."

"డిసెంబరులోనా, ఐలీన్?"

"మెల్విన్ అడిగుంటే ఒప్పుకునేవాడివి."

లైల్ ఒప్పుకున్నాడు. కిందికి దిగి, పాడైన మోకాలితోనే దుప్పిని ఆమె ఇంటిదాకా ఈడ్చాడు. ఐలీన్ రెండు విళ్ళూ పట్టుకుని ముందు నడిచింది.

మరుసటి ఏడాది చలి అక్టోబరులోనే మొదలైంది. ముఖం మూసుకోకుండా కుడి సీట్లో కూర్చున్న లైల్ ముక్కు చివర తెల్లబడింది.